నాయనమ్మ రెండు చీరలు

మా నాయనమ్మ పుట్టిల్లు బెజవాడ దగ్గర పల్లె. మెట్టింది వరంగల్‌లో. పుట్టింటి నుంచి తిరిగొచ్చేటప్పుడు తల్లి పెట్టిన కొత్త చీరను ఆవిడ పెట్టెలో పెట్టేది కాదట. పాత చీర మీదే చుట్టుకుని రైలెక్కేదట. కట్టుకున్న చీరను కరోడ్‌గిరి వాళ్లు అడగరని ఆవిడ లెక్క!

కరోడ్‌గిరి అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. నిజాం రాజ్యంలో కస్టమ్స్‌కు ఆ పేరు. బెజవాడ బ్రిటిష్ ఇండియా, వరంగల్ నిజాం ఇలాకా. 1889లో రెండు ఊళ్లనూ రైలు కలిపినా సుంకం గోడ మాత్రం అలాగే ఉంది. దాని పునాది 1802 నాటి వాణిజ్య ఒప్పందం. నిజాం, ఈస్టిండియా కంపెనీ ఒకరి సరుకు మీద మరొకరు 5 శాతం సుంకం వేసుకోవచ్చని రాసుకున్నారు. సముద్రం లేని నిజాంకు మచిలీపట్నం రేవు వాడుకునే వీలు కూడా అందులోనే దక్కింది.

1948లో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. గోడ మాత్రం ఆ రోజే కూలలేదు. ఖజానాకు అది పెద్ద రాబడి మరి. అందుకే ఇలాంటి రాష్ట్రాలు కేంద్రంతో ఒప్పందం చేసుకుని, పదేళ్లకు మించకుండా ఆ సుంకాలు వసూలు చేసుకోవచ్చని రాజ్యాంగం 306వ అధికరణంలో వీలిచ్చింది. 1956లో ఆ అధికరణాన్నే ఎత్తేశారు.

లోపల ఎవరికీ సుంకం లేదు, బయటివాడికి అందరి గుమ్మంలోనూ ఒకే సుంకం. దీన్నే కస్టమ్స్ యూనియన్ అంటారు. జర్మన్ రాజ్యాలు 1834లో ఈ పని చేశాయి. యూరప్ దేశాలు 1968లో పూర్తిచేశాయి. మామూలు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఇంత దూరం వెళ్లదు. బయటివారిపై ఎవరి సుంకం వారిదే. కాబట్టి 'ఈ సరుకు మీ దేశంలో తయారైందేనా?' అని కాగితం అడుగుతారు.

ఇవన్నీ మంచివేనా? జేకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త 1950లో ఓ మెలిక చూపించాడు. గోడ తీస్తే కొత్త వ్యాపారం పుట్టవచ్చు. లేదా ఉన్న వ్యాపారమే దారి మళ్లవచ్చు. చవగ్గా చేసేవాణ్ని వదిలి, సుంకం లేనివాడి దగ్గర కొనడమన్నమాట.

దారి మళ్లడమంటే ఏమిటో మన గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కును చూస్తే తెలుస్తుంది. 2017లో శంకుస్థాపన జరిగిన ఈ పార్కులో కుట్టిన చొక్కా యూరప్ వెళ్లాలంటే, మామూలుగా 12 శాతం దాకా సుంకం. వెనుకబడిన దేశాలకు 2001లో యూరప్ ఇచ్చిన మినహాయింపుతో బంగ్లాదేశ్ చొక్కాకు సున్నా. మన అమ్మాయి ఎంత నేర్పుగా కుట్టినా కొనేవాడు ఢాకా వైపే చూస్తాడు. తప్పు సూదిది కాదు కదా! బ్రిటన్ యూరప్ యూనియన్ నుంచి బయటికి పోవడంతో దానితో విడిగా బేరమాడాల్సి వచ్చింది. 2025 జులైలో ఒప్పందంపై సంతకాలయ్యాయి. ఇలాంటివి పార్కుకు మేలే చేస్తాయని నా నమ్మకం.

పత్తి రైతు సంగతి వేరు. 2025 ఆగస్టు 18న కేంద్రం దిగుమతి పత్తిపై ఉన్న 11 శాతం సుంకాన్ని తీసేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మర్నాటి నుంచే అమలు. ముందు సెప్టెంబరు 30 వరకన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. బయటి పత్తి చవగ్గా దొరికితే మిల్లులకు ఊపిరే, కాదనను. కానీ హైదరాబాద్ ఖజానాకు ఏళ్ల తరబడి గడువు దొరికింది. రైతుకు దొరికింది ఒక్క రాత్రి. అప్పటికి చేలు పూత మీదున్నాయి. ఎనుమాముల మార్కెట్‌కు కొత్త పత్తి జోరుగా వచ్చేది దసరా దాటాకే.