పటాన్‌చెరు బురదలో పీహెచ్‌డీలు

హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో గరిష్ఠంగా 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. 2011లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులే అక్కడి వాగు అడుగున పేరుకున్న బురదలోని డీఎన్ఏను చదివి, యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు ఎంత దట్టంగా ఉన్నాయో చూపించారు. 2014లో ఆ చుట్టుపక్కలే ఉన్న కాజిపల్లి చెరువు వంతు వచ్చింది. ఆ నీళ్ల పక్కన బతికేది మనవాళ్లు. ప్రపంచం ఉటంకించే పరిశోధన మాత్రం స్వీడన్‌ది. వాళ్లను తప్పుపట్టాల్సిన పనిలేదు, మనం అడగాల్సిన ప్రశ్న వాళ్లు అడిగారు.

మరి మన మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ విద్యార్థి ఆ ప్రశ్న ఎందుకు అడగలేకపోతున్నాడు? తెలివి తక్కువై కాదు. మట్టిలోని సూక్ష్మజీవులు చాలావరకు ప్రయోగశాల పళ్లెంలో పెరగవు. వాటి ఉనికి తెలియాలంటే మట్టి నుంచి నేరుగా డీఎన్ఏ తీసి చదవాలి. ఇలా చదివే సీక్వెన్సింగ్ ఖర్చు బాగా తగ్గింది, యంత్రం లేకున్నా నమూనా బయటికి పంపి చేయించుకోవచ్చు. కష్టమంతా ఆ తర్వాతే. లక్షలాది డీఎన్ఏ ముక్కలను కంప్యూటర్‌లో జల్లెడపట్టి అర్థం రాబట్టడం చాలా కళాశాలల్లో నేర్పరు. బ్యాక్టీరియాకు రంగువేసి చూసే గ్రామ్ స్టెయినింగ్ దగ్గరే సెమిస్టర్లు గడిచిపోతాయి.

ఇక్కడ సత్తా లేదనుకుంటే పొరపాటు. 2020లో హైదరాబాద్ మురుగునీటిలో కరోనా వైరస్ జాడను ఇక్కడి పరిశోధనా సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ కలిసి లెక్కగట్టాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ ఆచార్యులు కొత్త బ్యాక్టీరియా జాతులెన్నింటినో లోకానికి పరిచయం చేశారు. నెట్ పరీక్ష గట్టెక్కి జేఆర్‌ఎఫ్ సాధిస్తే 2023 నుంచి నెలకు రూ.37,000 ఫెలోషిప్ ఉంది. అది నెలనెలా చేతికందాలి, కానీ తరచూ ఆలస్యమవుతుంది. ఇంటికి డబ్బు పంపాల్సిన పల్లె విద్యార్థిని పరిశోధన నుంచి తరిమేది ఆ ఆలస్యమే.

ప్రశ్నలకైతే కరువు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి సేద్యం పెద్దఎత్తున సాగుతోంది. ఆవు పేడ, మూత్రంతో పులియబెట్టిన జీవామృతం పోసిన మట్టిలో సూక్ష్మజీవుల పొందిక నిజంగా మారుతుందా, మారితే ఎన్నాళ్లు నిలుస్తుంది? సమర్థకులూ విమర్శకులూ గట్టిగా వాదించుకుంటున్నారు. ఆ వాదం తేలాలంటే రైతు పొలాల్లోంచే ఏళ్ల తరబడి నమూనాలు తీయాలి. భీమవరం రొయ్యల చెరువుల్లో రైతు డబ్బుపోసి కొని చల్లే ప్రోబయాటిక్ పొడి నీటిలో ఏమవుతోందో తేల్చినా ఒక మంచి థీసిస్సే.

చిక్కల్లా ఏమిటంటే, పీహెచ్‌డీ నాలుగైదేళ్లలో ముగుస్తుంది, మట్టి కథ అంత త్వరగా ముగియదు. అందుకే ప్రతి విశ్వవిద్యాలయం ఒక వాగునో చెరువునో కొన్ని పొలాలనో శాశ్వతంగా తన బాధ్యతగా తీసుకోవాలి. ఉస్మానియాకు మూసీ, నాగార్జునకు కృష్ణా డెల్టా మాగాణి, శ్రీకృష్ణదేవరాయకు అనంతపురం వేరుశనగ చేలు. ఒక విద్యార్థి తీసిన నమూనా, రాసిన వివరం తర్వాతి విద్యార్థికి అందాలి. దీనికి ముందుగా కొనాల్సింది సీక్వెన్సర్ కాదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్, కరెంటు పోయినా అది ఆగకుండా జనరేటర్, ప్రాజెక్టు ముగిసినా జీతం ఆగని ఒక క్షేత్ర సహాయకుడు కావాలి.