విలేకరికి చదువు అక్కర లేదా?

సంజామల: ఇంటర్ పూర్తి చేసిన పల్లె యువకులు పత్రికారంగం వైపు ఆసక్తి చూపడం సంతోషించదగ్గ విషయమే. అయితే ప్రెస్ కార్డు చేతికి రాగానే డిగ్రీ చదువుకు స్వస్తి చెప్పడం ఎంతమాత్రం మంచిది కాదు. "వార్త రాయడానికి పట్టా ఎందుకు?" అన్న మాట మండల కేంద్రాల్లో తరచు వినవస్తుంటుంది. ఇందులో నిజమెంతో ఆలోచించవలసి ఉన్నది.

సంజామల, కోవెలకుంట్ల ప్రాంతపు నల్లరేగడి నేలల్లో రబీలో శనగ ముఖ్యమైన పంట. పంట దెబ్బతిన్నప్పుడు రైతు గోడు రాసినంత మాత్రాన సరిపోదు. అడంగల్‌లో ఏ పంట నమోదైనదో, బీమా ఎవరి పేర ఉన్నదో, మద్దతు ధర ఎంతో తెలిసి రాసినప్పుడే అధికారులలో కదలిక వస్తుంది. రోడ్డు నాసిరకంగా వేశారని రాయాలంటే అంచనా కాగితాలు, ఎం.బుక్ కొలతలు చదవడం రావాలి. ఈ కాగితాలు అడిగే హక్కును 2005 సమాచార హక్కు చట్టం ప్రతి పౌరునికీ ఇచ్చింది. వాటిని అర్థం చేసుకునే శక్తి చదువు వల్లనే వస్తుంది. ఆధారం లేని వార్తకు మరునాడు ఖండన వస్తే, విలేకరి పరువుతో పాటు ఆయనను నమ్మి గోడు చెప్పుకున్న రైతు కూడా నష్టపోతాడు.

కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఎం.ఎ. చదివినవారు. 1908లో బెజవాడ నుంచి 'స్వరాజ్య' పత్రిక నడిపి, రాజద్రోహ నేరంపై జైలుకు వెళ్లారు. తరువాత గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు కృషి చేశారు. పత్రిక, చదువు వేరు కావని ఆయన జీవితమే చెబుతున్నది. పట్టా లేకుండా పేరు తెచ్చుకున్న పాత్రికేయులు లేరా అంటే ఉన్నారు. అయితే వారు బడి మానినా పుస్తకం మానలేదు.

బతుకుతెరువు మాట కూడా ఉన్నది. గ్రామీణ విలేకరులలో చాలామందికి నెల జీతం లేదు. లైన్ అకౌంట్ డబ్బులతో సంసారం గడవదు. పైగా ప్రకటనలు, చందాల భారం. చేతిలో డిగ్రీ ఉంటే డెస్కులోనో, మరోచోటనో ఉద్యోగం వెతుక్కోవచ్చు. అదీ లేనివాడు కొన్నేళ్లకు పైరవీల వైపు జారే ప్రమాదం ఉన్నది.

ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే ఏర్పడింది. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ ఈ చదువు ఉన్నది. కాని కూలి కుటుంబాల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, అంత దూరం వెళ్లి చదవడం భారమే. సంజామలకు 2016లో రైలు వచ్చింది. 2022లో నంద్యాల జిల్లా కేంద్రమయింది. కనుక నంద్యాలలో శని, ఆదివారాలలో తెలుగులో జర్నలిజం తరగతులు నిర్వహించడానికి విశ్వవిద్యాలయాలు, మీడియా అకాడమీ పూనుకోవాలి. పత్రికా యాజమాన్యాలు కూడా విలేకరులుగా చేరిన యువకుల డిగ్రీ ఫీజు భరించి, పరీక్షల రోజులలో సెలవు ఇవ్వాలి. ప్రజల పక్షాన ప్రశ్నించవలసిన వారిని చదువుకు దూరం చేస్తే చివరకు నష్టపోయేది పల్లెలే.