పెట్టెలోకి పెట్టె

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో తెలుగువాళ్లది తరాల నాటి కొలువు. బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలవి. బోగీల మరమ్మతు చూసే అలాంటి చోట టెలిస్కోప్ అంటే చుక్కల్ని చూసే గొట్టం మాత్రమే కాదు. రైల్వే ఇంగ్లీషులో అదో క్రియ. ప్రమాదంలో ఒక పెట్టె మరో పెట్టెలోకి చొచ్చుకుపోతే టెలిస్కోప్ అయిందంటారు.

ఈ మాట పుట్టింది 1611లో, రోమ్‌లో. గెలీలియో గౌరవార్థం ఇచ్చిన విందులో ఆయన పరికరానికి గ్రీకు పండితుడు జొవాన్నీ డెమిసియానీ పెట్టిన పేరిది. టెలె అంటే దూరం, స్కోపెయిన్ అంటే చూడటం. ఇందులో దెబ్బ ఊసే లేదు. అది నావికుల దుర్భిణీ నుంచి వచ్చింది. పని కాగానే దాని గొట్టాలను ఒకదానిలోకి ఒకటి తోసి జేబులో వేసుకునేవారు. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో, రైలు ప్రమాదాలు మామూలైపోయాక, ఆ పోలికే పెట్టెలకు అంటుకుంది. నిర్దయగా ఉన్నా ఇంత కచ్చితమైన పోలిక మరోటి దొరకదు.

మన పత్రికలు 'ఢీకొన్నాయి' అంటాయి. ఢీ పొట్టేళ్ల సొత్తు. (ఇంగ్లీషులో ర్యామ్ అనే క్రియ కూడా పొట్టేలుదే.) పొట్టేళ్లు తలలు తాకించి వెనక్కి వస్తాయి. పెట్టెలు రావు. అందుకే 'ఒకదానిలోకి ఒకటి దూసుకుపోయాయి' అని రెండో వాక్యం రాయాల్సి వస్తుంది. ఎక్కువ ప్రాణాలు పోయేది ఆ రెండో వాక్యంలోనే.

కారణం సాదాసీదా. గుద్దుకున్నప్పుడు ఒక పెట్టె అడుగున ఉండే ఉక్కు చట్రం పైకి లేచి పక్క పెట్టె బఫర్ల మీదికి ఎక్కుతుంది. చెక్క పెట్టెల కాలంలో దాన్ని ఆపే గోడే లేదు. 1955లో పెరంబూరులో మొదలైన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ స్విస్ నమూనాతో చేసిన ఉక్కు పెట్టెలకు అందుకే 'యాంటీ టెలిస్కోపిక్' అన్న విశేషణం తగిలించారు. తలుపులు, మరుగుదొడ్లు ఉండే చివరి భాగం ముందు నలిగి దెబ్బను తాను తీసుకోవాలి, కూర్చునే భాగం మిగలాలి అన్నది లెక్క. 2000 ప్రాంతంలో జర్మనీ నుంచి వచ్చిన ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు బిగువైన కప్లర్లు ఉంటాయి. ఒకటి మరోదానిపైకి ఎక్కకుండా అవి పట్టి ఉంచాలి. పాత నమూనా తయారీ 2018లో ఆగింది.

ఖరగ్‌పూర్‌కు ఇది పుస్తకాల సంగతి కాదు. 2010 మే 28న ఆ ఊరు దాటి వెళ్తున్న జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ సర్దిహా సమీపంలో పట్టాలు తప్పింది. పక్క లైనులో ఎదురొచ్చిన గూడ్స్ గుద్దడంతో సుమారు 150 మంది పోయారు. 2023 జూన్ 2న ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే, బహనాగా బజార్ స్టేషన్‌లో, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి మళ్లి ఆగి ఉన్న గూడ్స్‌ను గంటకు సుమారు 128 కిలోమీటర్ల వేగంతో గుద్దింది. ఆ ప్రమాదంలో మృతులు 290 మందికి పైనే. కోరమాండల్‌వి ఎల్‌హెచ్‌బీ పెట్టెలే. అంత వేగంలో ముందు పెట్టెలను ఏ కప్లరూ నిలపలేకపోయింది.

మన రైళ్లలో జనరల్ పెట్టెలు సాధారణంగా ఇంజిన్ వెనకో, రైలు చివరో ఉంటాయి. హౌరా నుంచి దక్షిణాదికి కూలి పనులకు వెళ్లేవాళ్లు ఎక్కేది వాటిలోనే.