పరీక్ష నెగ్గినా చేతికందని లైసెన్సు

జమాఖర్చుల చదువుకు కోల్‌కతా పాత కాణాచి. 1857లో వెలసిన కలకత్తా విశ్వవిద్యాలయం ఆ నగరంలోనిదే. మన పాఠకులకు ఐసీడబ్ల్యూఏ పేరుతో పరిచితమైన కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ 1944లో పుట్టి, దశాబ్దాలపాటు అక్కడి సడ్డర్ స్ట్రీట్ కేంద్రంగా పనిచేసింది. అలాంటి నగరంలో నేడు బి.కాం. పూర్తి చేసిన యువతను అమెరికా వారి సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్ హోదా, అంటే సీపీఏ, ఆకర్షిస్తున్నది. హైదరాబాదులోనూ ఇదే ధోరణి. ఒకప్పుడు ఈ పరీక్ష కోసం విమానమెక్కి మరో దేశానికి వెళ్ళవలసి వచ్చేది. 2020 నుంచి మన దేశంలోనే నిర్వహిస్తున్నారు. కోల్‌కతాలోనూ, హైదరాబాదులోనూ కేంద్రాలున్నాయి. పరీక్ష ఇంటి ముంగిటికి వచ్చిన మాట నిజమే. కానీ లైసెన్సు మాత్రం ఇంకా సముద్రం అవతలే ఉంది.

సీపీఏ లైసెన్సు ఇచ్చేది అమెరికా కేంద్ర ప్రభుత్వం కాదు, అక్కడి రాష్ట్రాల బోర్డులు. పరీక్షకు కూర్చోవడానికి 120 క్రెడిట్లు, లైసెన్సుకు 150 క్రెడిట్లు ఉండాలన్నది చాలా రాష్ట్రాలలో దీర్ఘకాలంగా నడచిన నియమం. సెమిస్టరు పొడవునా వారానికొక గంట బోధన జరిగితే సుమారుగా ఒక క్రెడిట్. ఏడాది చదువుకు 30 క్రెడిట్లన్నది వారి లెక్క. ఆ లెక్కన మన మూడేళ్ళ డిగ్రీకి సాధారణంగా దక్కేది 90 మాత్రమే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120, నాలుగేళ్ళ డిగ్రీకి 160 క్రెడిట్లున్నాయి. అయితే మన మార్కుల జాబితాలోని 120, వారి 120 ఒకటి కావు. అంకె ఒకటే, విలువ వేరు. విద్యార్థి దెబ్బతింటున్నది ఇక్కడే.

కలకత్తా విశ్వవిద్యాలయం 2023-24 నుంచి నాలుగేళ్ళ ఆనర్సు ప్రవేశపెట్టింది. వారి లెక్కలో అది 120కి చేరుతుంది. లైసెన్సుకు ఇంకా 30 తక్కువే. మూడేళ్ళ బి.కాం.కు రెండేళ్ళ ఎం.కాం. తోడైతే 150 పూర్తవుతుంది. అప్పుడైనా అకౌంటింగ్, వాణిజ్య విషయాలలో ఇన్ని క్రెడిట్లు ఉండి తీరాలన్న షరతు విడిగా ఉంటుంది. ఈ లెక్కను మొదటిరోజే చెప్పేవారెందరు? మధ్యతరగతి తండ్రి అప్పు చేసి శిక్షణ రుసుము కడతాడు. కుమార్తె రాత్రింబవళ్ళు చదివి నాలుగు భాగాలూ నెగ్గుతుంది. ఆ తర్వాత, క్రెడిట్లు చాలలేదని, మరో కోర్సుకు మరికొంత సొమ్ము కట్టమని తెలుస్తుంది. లోపించినది తెలివితేటలు కాదు, సకాలంలో అందవలసిన సమాచారం.

తమ లైసెన్సుకు తమ నిబంధన పెట్టుకునే హక్కు అమెరికాకు ఉంది. నిజానికి వారే ఇప్పుడు పునరాలోచనలో పడ్డారు. అదనపు ఏడాది చదువు భారమై యువత ఈ వృత్తికి దూరమవుతున్నదని గ్రహించి, ఒహాయో రాష్ట్రం 2025 జనవరిలో చట్టం సవరించింది. డిగ్రీకి రెండేళ్ళ అనుభవం తోడైతే చాలునన్న మార్గం 2026 నుంచి అక్కడ అమలులోకి వచ్చింది. మరికొన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. అంతమాత్రాన మన వారు సంబరపడనక్కరలేదు. మూడేళ్ళ డిగ్రీ వారి నాలుగేళ్ళ డిగ్రీకి సమానమా అన్న ప్రశ్న అలాగే ఉంది.

మరొక సంగతీ మరువరాదు. సీపీఏ ఉన్నంత మాత్రాన మన దేశంలో కంపెనీ ఆడిట్‌పై సంతకం చేసే అధికారం రాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఆ అధికారం చార్టర్డ్ అకౌంటెంట్లది. కాస్ట్ ఆడిట్ కాస్ట్ అకౌంటెంట్లది. బహుళజాతి సంస్థలలో కొలువు కోరేవారికి సీపీఏ ఉపకరించవచ్చు. స్వదేశంలో స్వతంత్రంగా ప్రాక్టీసు పెట్టదలచినవారికి మన సంస్థల చదువే శరణ్యం.

ఇందుకు చేయవలసినవి కష్టమైన పనులేమీ కావు. ఏ రాష్ట్రంలో ఎన్ని క్రెడిట్లు కావాలో, అభ్యర్థికి ఎన్ని ఉన్నాయో శిక్షణ సంస్థలు రుసుము పుచ్చుకునే ముందే రాతపూర్వకంగా తెలపాలని ప్రభుత్వం ఆదేశించాలి. బోధన గంటల వివరాలను విశ్వవిద్యాలయాలు మార్కుల జాబితాలోనే స్పష్టంగా పొందుపరచాలి. విద్యార్థులు ముందుగా తమ డిగ్రీని మదింపు చేయించుకుని, ఆ తర్వాతే సొమ్ము చెల్లించాలి. పద్దులు సరిచూడడం వృత్తిగా ఎంచుకున్నవారు తొలుత సరిచూసుకోవలసిన పద్దు తమ క్రెడిట్లదే.