గ్రామసింహము

వీధికుక్కల విషయమై 2025వ సంవత్సరమున సుప్రీంకోర్టువారి యుత్తరువులు ఒకదానివెంట నొకటి వెలువడినవి. ఆగస్టు 11వ తేదిన ఇద్దరు న్యాయమూర్తులు ఢిల్లీ పరిసరములందలి వీధికుక్కల నన్నిటిని పట్టి శరణాలయములందుంచవలెననియు, మరల వీధిలో విడువరాదనియు ఆజ్ఞాపించిరి. పదునొకండు దినములకు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని సవరించి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెననియు, పిచ్చి సోకినవానిని, క్రూరస్వభావము గలవానిని మాత్రము విడువరాదనియు శాసించెను. పాఠశాలలు, ఆసుపత్రులు, రైల్వేస్టేషనులు మొదలగు స్థలములలో పట్టిన కుక్కలను తిరిగి అచ్చట విడువరాదని నవంబరు 7వ తేదిన మఱియొక యుత్తరువు వచ్చెను. రాజధానియందు నివసించు మన ఆంధ్రులలో సైతము ఈ విషయమున రెండు పక్షము లేర్పడుటలో వింత లేదు. ఒక పక్షమువారికి కుక్క యాపద; రెండవ పక్షమువారికి అది నోరులేని ప్రాణి. ఈ రెండును సత్యములే. కాని కుక్క యెవరి బాధ్యత యను ప్రశ్నకు రెండు పక్షములును సూటిగా సమాధానము చెప్పకున్నవి.

కుక్క యడవినుండి త్రోవ తప్పి వచ్చిన మృగము కాదు. మనుష్యుడు సేద్యము నేర్వకమునుపే, గోవును గుఱ్ఱమును వశపఱచుకొనకమునుపే అతని వెంటనంటి వచ్చిన సహచరి. జర్మనీలోని బాన్ నగరము చెంత 1914లో బయల్పడిన సమాధిలో స్త్రీపురుషుల యస్థులతోపాటు ఒక కుక్కపిల్ల యస్థులును దొరకినవి. అవి సుమారు 14,000 ఏండ్లనాటివి. ఆ పిల్ల రోగపీడితమై, మనుష్యుల పరిచర్యవలననే కొన్నివారములు బ్రతికియుండునని దాని దంతములను పరిశీలించిన పండితులు తలచుచున్నారు. ఇంతటి ప్రాచీనమైన చెలిమిని, నగరములు పెరిగి వీధులు ఇఱుకైనవని నేడు త్రోసివేయుట యెట్లు?

మన దేశమున ఈ చెలిమి యెన్నడును ఏకముఖముగా నుండలేదు. ధర్మరాజు తన్ననుసరించి వచ్చిన శునకమును విడిచి స్వర్గమునకు రానొల్లనన్న కథను భక్తితో చెప్పుకొందుము. అదే నోట ఒకని నీచపఱుపదలచిన “కుక్క”యని తిట్టుదుము. విశ్వాసమునకును అదియే యుపమానము, హీనమైన బ్రతుకునకును అదియే యుపమానము. మనుష్యులకును పశువులకును వైద్యసదుపాయము లేర్పఱచితినని అశోకచక్రవర్తి చాటిన శాసనము గంజాము ప్రాంతపు జౌగడలోను, కర్నూలు సీమయందలి ఎఱ్ఱగుడిలోను నేటికిని శిలలపై నున్నది. దయ మనకు క్రొత్త కాదు. ఆ దయకు ఏర్పాటు తోడుపడినప్పుడే ఫలించినది.

ఇందుకు కర్ణాటకమందలి మండ్య జిల్లా ఆతకూరు శాసనము చక్కని దృష్టాంతము. క్రీ.శ. 949-50 ప్రాంతమున తక్కోలము యుద్ధమున పరాక్రమము చూపిన మణలెరుడను యోధుడు, వరము కోరుకొమ్మనిన ప్రభువును కాళి యను వేటకుక్క నడిగి పుచ్చుకొనెను. అది ఆతకూరు ప్రాంతమున అడవిపందితో పోరాడగా రెండును మడిసినవి. అతడు దానిపేర వీరగల్లు నిలిపి ఊరకుండలేదు. ఆ శిలను అర్చించుటకు భూమినిచ్చి, ఆ భూమి ననుభవించువారు శిలకు పూజ చేయక భుజించినచో పాపము తగులునని శాసించెను. ప్రేమకు భూమి జతపడినది, భూమికి విధి జతపడినది. ఆ శిల బెంగుళూరు మ్యూజియమునకు చేరినది.

సంహారమే మార్గమని యనువారు బొంబాయి చరిత్రను స్మరింపవలెను. 1832 జూనులో ప్రభుత్వమువారి యుత్తరువుచొప్పున వీధికుక్కలను చంపుచుండగా, శునకమును పవిత్రముగా నెంచు పారసీకులు తిరుగబడిరి. నగరమున అల్లర్లు చెలరేగెను. మదరాసు కార్పొరేషనువారును దీర్ఘకాలము కుక్కలను చంపించిరి. వీధులలో కుక్కలు తఱుగకపోగా, 1996 ప్రాంతమున ఆ పద్ధతి మాని శస్త్రచికిత్సాపద్ధతి నవలంబించిరి. కొన్ని కుక్కలను తొలగించినంతమాత్రమున వీధిలోని చెత్తకుప్ప తొలగదు. ఆహారమున్నచోటికి క్రొత్తవి వచ్చి చేరును.

అయినను కరవబడినవాని బాధను చులకన చేయువారు దయాళువులనిపించుకొనజాలరు. భారత వైద్య పరిశోధన మండలి 2022-23లో జరిపించిన సర్వేననుసరించి దేశమున ఏటా సుమారు 91 లక్షలమంది జంతువుల కాటునకు గుఱియగుచున్నారు. అందు ముప్పాతికకు మించి కుక్కకాట్లే. రేబిస్ వలన మరణించువారు సుమారు 5,700 మంది. పాశ్చరు పండితుడు 1885లోనే టీకా ప్రయోగించి చూపెను. మన నీలగిరులలోని కూనూరున 1907లోనే పాశ్చరు సంస్థ వెలసెను. అయినను కాటుపడినవారిలో ఐదింట నొకవంతుమందికి ఒక్క టీకాయైన అందలేదని ఆ సర్వే తెలుపుచున్నది. లక్షణములు పొడసూపిన పిమ్మట ఈ రోగమునకు మందులేదు. ఆ మరణములలో పెక్కు, వేళకు టీకా అందినచో తప్పియుండెడివి.

కావున కర్తవ్యము స్పష్టము. కుక్కలలో నూటికి 70కి టీకా వేసినచో రోగము వ్యాపింపదని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. గోవాలో ఏటేట సామూహికముగా టీకాలు వేసి, కాటుకేసుల నారసి, బడిపిల్లలకు జాగ్రత్తలు బోధించిన ఫలితముగా ఆ రాష్ట్రము 2021లో రేబిస్ అదుపులోనున్న ప్రాంతముగా ప్రకటింపబడినది. శస్త్రచికిత్సకును టీకాకును స్థానిక సంస్థలే బాధ్యులని 2023 నియమములు నిర్ణయించినవి. అట్టి నియమములు 2001 నుండియే యున్నవి. లోపించినవి సొమ్ము, వైద్యులు, శ్రద్ధ. పురపాలక సంఘములు తమ బడ్జెటులో దీనికెంత కేటాయించినవో, వార్డువారీగా ఎన్ని కుక్కలకు టీకా వేసినవో ఏటేట ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.

పౌరులకును విధి కలదు. పిడికెడన్నము వీధిలో విసరి ఇంటికి పోవుట సులభము. అన్నము పెట్టినవారే ఆ కుక్కను టీకాకు పట్టించి, నియమితస్థలముననే తిండి పెట్టుట ధర్మము. ముచ్చటకు కొని, ముదిసిన పిమ్మట వీధిపాలు చేయువారి దోషము మఱింత పెద్దది. న్యాయస్థానపుటుత్తరువు ఏ పక్షము వారిని సంతోషపెట్టినను, ఏర్పాటు లేని దయ కాటునకు దారి తీయును, దయలేని యేర్పాటు క్రౌర్యమగును. వేయియేండ్లనాడు ఒక యోధుడు తన కుక్కకు భూమినిచ్చెను. లక్షల జనము గల మన నగరములు తమ కుక్కలకు టీకా యీయలేవా?