మధుమేహమునకు మొక్కల మందు
కాకరరసము, మెంతులు చాలునని మధుమేహపు మాత్రలు మానుకొనువారు మన యిండ్లలో కలరు. వారెఱుగవలసిన కథ యొకటి కలదు. ఐరోపాలో గలేగా యను పూలమొక్కను ఈ వ్యాధిలక్షణములకు పూర్వము వాడెడివారు. అందలి గలెగీను అను పదార్థము రక్తములోని చక్కెరను తగ్గించును. కాని యది విషము. ఆ మొక్కను మేసి గొఱ్ఱెలు చచ్చుటయు కలదు. ఆ రసాయనవర్గమునకే చెందిన మెట్‌ఫార్మినును 1922లో డబ్లినునందు వెర్నరు, బెల్లు అనువారు తయారుచేసిరి. 1957లో ఫ్రెంచి వైద్యుడు స్టెర్ను దానిని రోగులకిచ్చి, దాని గుణమును ప్రకటించెను. నేడు మధుమేహమునకు వైద్యులు విరివిగా నిచ్చు మాత్ర యదియే.

మొక్కలో గుణముండుట వేఱు. మోతాదు తేలిన మందగుట వేఱు. కావున కాకరను కూరగా వండి పెట్టుడు. వైద్యునడుగక మాత్రలు మానకుడు, మాన్పింపకుడు.