ముందు పుల్లలు, తర్వాతే నియమం
మూడు భుజాలూ సమానమైతే త్రిభుజాలు సర్వసమానాలనే భు.భు.భు. నియమాన్ని హైస్కూలు పిల్లలు గడగడా అప్పజెబుతారు. ఇనుప వంతెన నిండా అన్ని త్రిభుజాలెందుకని అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు. వాళ్లననలేం. బోర్డు మీది బొమ్మను చేత్తో నొక్కి చూడటం కుదరదు కదా! నాలుగు అగ్గిపుల్లల్ని సైకిలు వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి చతురస్రం చేయించండి. ఒక మూల వేలితో నెట్టగానే అది పక్కకు ఒరిగిపోతుంది. పుల్లల పొడవు అంతే ఉంది, కోణాలు మారాయి. మూడు పుల్లలతో చేసిన త్రిభుజం అలా ఒరగదు. భుజాల పొడవులు ఖాయమయ్యాక దానికి మరో ఆకారం లేదు. పుల్లయినా విరగాలి, ముడైనా ఊడాలి. ఒరిగిన ఆ చతురస్రానికి మూల నుంచి మూలకు ఒక ఈనెపుల్ల బిగించి చూడండి, అదీ గట్టిపడుతుంది. చెత్త సామాన్లతో సైన్సు బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా దశాబ్దాలుగా దేశమంతా పిల్లల చేత ఇలాంటివే చేయించారు, దాదాపు పైసా ఖర్చు లేకుండా. రాజమండ్రి పిల్లలైతే ఆ మర్నాడే గోదావరి గట్టుకు వెళ్లాలి. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మీద కింద రైలు, పైన బస్సు పోతుంటే ఆ బరువును వరస త్రిభుజాలు మోస్తాయి. అదే నదిపై 1990లలో కట్టిన ఆర్చి వంతెనలో ఆ పని కాంక్రీటు విల్లుది. ఏ కమ్మీ నొక్కుకుంటోంది, ఏది సాగుతోంది అని పిల్లలే అక్కడ వాదులాడుకోవాలి. పరీక్షలో రాదని ఈ ఒక్క పీరియడ్‌ను ఎగ్గొట్టేయడం నాకు మింగుడుపడని విషయం.